పదహారేళ్ళ విద్యార్థిని తల్లి కాబోతోంది: ఆరోగ్యం చెడకుండా, చదువు ఆగకుండా ఏం చేయగలం?

నల్లబల్ల
అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా తరగతిలోని పదహారేళ్ళ అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. ఆమెను ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ తరువాత సరిగ్గా ఏడు వారాలకు సంవత్సరాంతపు పరీక్షలు ఉన్నాయి. ఈ విషయమై నిన్న ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. "ఈ ఏడాదికి మానేయమందాం, బిడ్డ కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చు" అన్నదే అక్కడ ఎక్కువమంది మాట. ఆ మాట అన్నవారెవరూ చెడ్డవారు కారు, ఆమె మీద జాలితోనే అన్నారు. కానీ ఆ అమ్మాయి జీవితం గురించి గంటసేపు మాట్లాడుకున్న ఆ గదిలో ఆ అమ్మాయి లేదు. రాత్రంతా నన్ను బాధించింది అదే.

వారం తరువాత మళ్ళీ సమావేశం ఉంది. ఆ లోపల నేను ఏమేమి తెలుసుకోవాలి, ఎవరిని కలవాలి, ఏ ఏర్పాట్లు అడగాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పురిటిగది నర్సు
నల్లబల్ల గారూ, చదువు సంగతి మాట్లాడే ముందు ఒక చిన్న ప్రశ్న. ఆ అమ్మాయికి రక్తపోటు ఎప్పుడు చూశారు? హిమోగ్లోబిన్ పరీక్ష చేయించారా? ఈ వయసు గర్భిణుల్లో చాలామంది విషయం దాచిపెట్టడం వల్ల ఐదో నెల దాకా ఒక్కసారి కూడా పరీక్షకు రారు. గర్భిణి కనీసం 8 సార్లు వైద్య సిబ్బందిని కలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. వాటిలో మొదటిది 12 వారాల లోపల, రెండోది 20వ వారంలో జరగాలి. అంటే మీ విద్యార్థిని ఇప్పుడు ఆ రెండోదాని దగ్గర ఉంది. మొదటిది జరగకపోయి ఉంటే రేపే తీసుకువెళ్ళమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

పేద, మధ్యాదాయ దేశాల్లో 15 నుంచి 19 ఏళ్ళ లోపు ఆడపిల్లల్లో ఏటా సుమారు 2 కోట్ల 10 లక్షల మంది గర్భం దాలుస్తున్నారని, దాదాపు 1 కోటి 20 లక్షల మంది ప్రసవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నాటి లెక్క. ఇరవై దాటిన తల్లులతో పోలిస్తే వీరికి గుర్రపువాతం (రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తరువాత గర్భసంచిలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. బిడ్డలు నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండటం కూడా ఎక్కువే. దీనికి శరీరం ఇంకా ఎదిగే దశలో ఉండటం ఒక కారణం. తల్లి ఎముకలకూ, బిడ్డ ఎముకలకూ ఒకే శరీరం నుంచి కాల్షియం అందాలి, ఇద్దరికీ చాలినంత రక్తం అందులోనే తయారు కావాలి. రెండో కారణాన్ని నేను రోజూ కళ్ళారా చూస్తున్నాను: సిగ్గు. సిగ్గు వల్ల ఆలస్యంగా వస్తారు, ఇచ్చిన ఐరన్ మాత్రలు ఎవరి కంటనైనా పడతాయేమోనని వేసుకోరు, తలనొప్పిగా ఉన్నా చెప్పరు.

ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది, ఎందుకంటే రోజులో ఎక్కువ భాగం ఆమె మీ కళ్ళముందే ఉంటుంది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖమూ చేతులూ ఉన్నట్టుండి వాచడం, పక్కటెముకల కింద కడుపు పైభాగంలో నొప్పి: వీటిలో ఏది కనిపించినా సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. రక్తస్రావం, నీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం గురించి మీరు చెప్పనక్కరలేదని అనుకోవద్దు. ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఇంకొక మాట, అన్నిటికంటే ముందు అడగవలసింది. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్ళు గానీ ఆ అబ్బాయి గానీ పక్కన లేనప్పుడు, ఆమె క్షేమంగా ఉందా అని అడిగించండి. పదహారేళ్ళ పిల్ల గర్భం వెనుక బలవంతం ఉండవచ్చు, వయసులో చాలా పెద్దవాడు ఉండవచ్చు. అదే నిజమైతే పిల్లల రక్షణ చూసే అధికారులకు చెప్పాలి, అది లేకపోయినా చెప్పడం తప్పనిసరా అన్నది మీ చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. ఆ పనిని మీరొక్కరే నెత్తిన వేసుకోకుండా, శిక్షణ ఉన్న సలహాదారు ద్వారా చేయించండి.

కలువపూవు
నేను పదహారో ఏట తల్లినయ్యాను. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. ఈ చర్చ చూసి మూడుసార్లు రాసి చెరిపేశాను, చివరికి రాయాలనే నిర్ణయించుకున్నాను.

మా బడిలో నన్ను ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. ఆ మాట నేను స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ ఆ బడివాళ్ళు "ఆ అమ్మాయే మానేసింది" అంటారు. జరిగింది ఇది: పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్ళిన రోజు నాకు గైరుహాజరు పడింది. వాంతులతో లేవలేకపోయిన రోజులు కూడా అలాగే పడ్డాయి. ఎనిమిదో నెలలో, హాజరు చాలదని, పరీక్షకు అనుమతి ఉండదని ఒక ఉత్తరం వచ్చింది. బిడ్డ పుట్టిన మూడో వారంలో నా స్నేహితురాలు వచ్చి, హాజరు పుస్తకంలో నా పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉందని చెప్పింది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆ బడిలో ఎవరికీ నా మీద పగ లేదు. నియమం రాసినవాళ్ళకు నాలాంటి పిల్ల ఒకతె ఉంటుందని తట్టలేదు, అంతే.

నా చదువు ఆపింది నా బిడ్డ కాదు, ఆ గీత. మూడేళ్ళ తరువాత సార్వత్రిక విద్య ద్వారా మళ్ళీ మొదలుపెట్టి ముగించాను. మధ్యలో పోయిన ఆ మూడేళ్ళలో నేను మరిచిపోయిన లెక్కలకంటే, "నేను చదువుకునే మనిషిని" అన్న నమ్మకాన్ని తిరిగి కూడగట్టుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

అందువల్ల, నల్లబల్ల అమ్మా, సమావేశంలో మీరు మొట్టమొదట అడగవలసింది హాజరు గురించే. ఆసుపత్రి రోజులనూ, కాన్పు తరువాతి వారాలనూ వైద్య కారణాల సెలవుగా రాయించండి. కాళ్ళు విరిగిన పిల్లవాడికి ఏ సెలవు ఇస్తారో అదే ఆమెకూ ఇవ్వమని అడగండి.

ఇద్దరి నాన్న
నా మాట ఇక్కడ కొందరికి రుచించకపోవచ్చు, కానీ చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉన్నదే అడుగుతున్నాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఒకమ్మాయి వయసు పదిహేను. గర్భిణి అయిన విద్యార్థినికి సెలవులు, ప్రత్యేక గది, పరీక్షల్లో వెసులుబాటు ఇస్తుంటే, ఇది పెద్ద విషయమేమీ కాదని మిగతా పిల్లలు అనుకోరా? ఆ అమ్మాయిని చదివించవద్దని నేననడం లేదు. ఇటువంటి పిల్లల కోసం వేరే కేంద్రం ఉంటే, అక్కడ సూటిపోటి మాటలు ఉండవు కనుక ఆమెకే ప్రశాంతంగా ఉంటుంది కదా?

తీరం
కౌమార వయసు పిల్లలకు సలహాదారుగా పనిచేస్తున్నాను. ఇద్దరి నాన్న గారూ, మీరు అడిగిన రెండూ నిజాయితీగా అడిగిన ప్రశ్నలు, అందువల్ల కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిది, పిల్లలు ఏమనుకుంటారన్నది. తరగతిలో తోటి పిల్ల పడే కష్టాన్ని దగ్గరగా చూసినవారికి గర్భం తేలిక విషయంగా కనిపించడం నా అనుభవంలో లేదు. పైగా, చాలామంది ఆడపిల్లల విషయంలో బడి మానడం ముందు జరుగుతుంది, గర్భం ఆ తరువాత వస్తుంది. బడి వదిలిన పిల్లకు పెళ్ళో, కాన్పో తప్ప మరో దారి కనిపించదు. బడిలో ఉండటమే చాలామందికి రక్షణ. ఒకరిని బయటికి పంపి మిగతావారికి పాఠం చెబుదామనుకుంటే, వాళ్ళు నేర్చుకునేది ఒక్కటే: ఏదైనా జరిగితే పెద్దవాళ్ళకు చెప్పకూడదు. ఇది మీ అమ్మాయి కూడా నేర్చుకుంటుందని దయచేసి ఆలోచించండి.

రెండోది, వేరే కేంద్రం సంగతి. దీనికి రెండు రకాల ఉదాహరణలు ఉన్నాయి. సియెర్రా లియోన్‌లో 2015లో గర్భిణులైన విద్యార్థినులు మామూలు బడికి రాకూడదని ప్రభుత్వం నిషేధించింది. వారి కోసం వేరే తరగతులు పెట్టినా, అక్కడ వారానికి కొన్ని రోజులే చదువు, చెప్పే సబ్జెక్టులూ తక్కువే. పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2019 డిసెంబరులో అది వివక్ష అని తీర్పు చెప్పింది, 2020 మార్చిలో నిషేధం తొలగింది. టాంజానియా కూడా ఇటువంటి నిషేధాన్ని 2021 నవంబరులో ఎత్తివేసింది. ఇక జమైకాలో 1978లో మొదలైన మహిళా కేంద్రం వేరే పద్ధతిలో నడిచింది. గర్భిణి అయిన విద్యార్థిని అక్కడికి వచ్చి చదువు సాగిస్తుంది, ఆరోగ్య సలహాలు పొందుతుంది, బిడ్డ పుట్టిన తరువాత మామూలు బడికి తిరిగి వెళ్ళేలా ఆ కేంద్రమే చూస్తుంది. కనుక వేరే చోటు అన్నంత మాత్రాన అది చెడ్డదైపోదు. ఆ చోటుకు తిరుగు దారి ఉందా, అక్కడ అదే పాఠం చెబుతారా, అక్కడికి వెళ్ళాలని నిర్ణయించుకున్నది ఆ అమ్మాయేనా అన్నవి చూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ఆమెను కనబడకుండా చేసే ఏర్పాటే.

మరొక సంగతి కూడా చెప్పాలి. తిరిగి రావచ్చని కాగితం మీద రాసుకున్న దేశాలు చాలానే ఉన్నాయి. కెన్యా 1994లో, జాంబియా 1997లో ఆ విధానం తెచ్చాయి. విధానం ఉన్నంత మాత్రాన పిల్లలు తిరిగి వచ్చేయరు. బిడ్డను ఎవరు చూస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, వచ్చిన మొదటి రోజున తరగతిలో ఎవరు పలకరిస్తారు అన్నవాటికి ఏర్పాటు లేకపోతే తలుపు తెరిచి ఉన్నా లోపలికి రాలేరు.

రాత్రిబడి
ఇంతవరకూ ఎవరూ ఆ అబ్బాయి మాట ఎత్తలేదు. బలవంతం, వయసులో పెద్ద తేడా ఉన్న సందర్భాలు వేరు, వాటి గురించి నర్సమ్మ గారు రాసింది అక్షరాలా నిజం. నేను మాట్లాడుతున్నది నాలాంటివాళ్ళ గురించి.

నేను తండ్రినయ్యేనాటికి నాకు పద్దెనిమిది. ఆమెకు పదిహేడు. మా చదువుల గురించి జరిగిన ప్రతి మాటలోనూ నన్ను "బాధ్యత తీసుకో" అన్నారు. బాధ్యత అంటే డబ్బు పంపడమని అనుకుని బడి మానేసి పనిలో చేరాను. ఇద్దరి చదువులూ ఆగిపోయాయి. చదువు లేదు కనుక పనిలో పైకి రాలేదు, పైకి రాలేదు కనుక పంపే డబ్బు చాలేది కాదు. ఏడేళ్ళ తరువాత రాత్రి బడిలో చేరి ముగించాను.

బిడ్డను ఎలా ఎత్తుకోవాలో నాకు నేర్పింది ఒక పిల్లల ఆసుపత్రిలోని నర్సు. బిడ్డ ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువవుతుందని, ఆ తరువాత నెమ్మదిగా తగ్గుతుందని ఆవిడే చెప్పారు. ఎంత ఏడ్చినా, మనకు ఎంత కోపం వచ్చినా బిడ్డను కుదపకూడదు. చేతకాని క్షణంలో బిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు నిమిషాలు గది బయటికి వెళ్ళి ఊపిరి పీల్చుకుని రావడం తప్పు కాదు. ఈ ఒక్క మాట తెలియకపోతే నిద్రలేని ఒకానొక రాత్రి నేను ఏం చేసేవాడినో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

ఆ అబ్బాయి కూడా విద్యార్థే అయితే అతని బడితో కూడా మాట్లాడండి సార్. (సారో, మేడమో తెలియదు, క్షమించండి.) అతను చదువు మానకుండా వారంలో కొన్ని గంటలు బిడ్డను చూసుకునేలా చేయగలిగితే, అది అతను పంపే డబ్బుకంటే విలువైనది.

నల్లబల్ల
మేడమ్‌నే, పరవాలేదు బాబూ. మీ అందరి మాటలూ అచ్చు తీసి పెట్టుకున్నాను.

నిన్న ఆ అమ్మాయితో సలహాదారు గారు ఒంటరిగా మాట్లాడారు, తరువాత ఆమె కోరిక మీద నేను కూడా కూర్చున్నాను. బలవంతం లేదు. అబ్బాయి వయసు పదిహేడు, మరో బడిలో చదువుతున్నాడు. రక్తపోటు మామూలుగా ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం తక్కువగా, 9.4 ఉంది. డాక్టరు గారు ఐరన్ మోతాదు పెంచారు. మాటల్లో తెలిసిన ఒక సంగతి నా మనసును కోసేసింది. పాఠం మధ్యలో మూత్రానికి అనుమతి అడిగితే అందరూ తన వైపే చూస్తారని, ఆమె రెండు నెలలుగా బడిలో మంచినీళ్ళు తాగడం మానేసింది. నేను రోజూ ఆమె ముందు నిలబడి పాఠం చెప్పాను. నాకు తెలియలేదు.

ఇప్పుడు అడగకుండానే వెళ్ళిరావచ్చని చెప్పాను. కూర్చునే చోటు తలుపు పక్కకు మార్చాను. ఎవరూ వింతగా చూడకుండా, తరగతిలో అందరి చోట్లూ మార్చాను.

"మానేస్తావా?" అని అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబు ఇది: "పరీక్ష రాస్తాను టీచర్. కానీ ఆ గంటల్లో బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది?" వాళ్ళ అమ్మగారు ఉద్యోగం చేస్తున్నారు, మానేసి బిడ్డను తానే పెంచుతానంటున్నారు.

ముంగిట అమ్మమ్మ
ఆ తల్లిని ఒక్క రోజు ఆగమని చెప్పండి తల్లీ. నేను సరిగ్గా అదే చేశాను.

నా కూతురికి పదిహేడో ఏట కొడుకు పుట్టాడు. ఉద్యోగం మానేసి వాడిని నా చేతుల్లోకి తీసుకున్నాను. నా బిడ్డ చదువుకోవాలనే ఆరాటంతోనే తీసుకున్నాను. పాలు పట్టడం తప్ప అన్నీ నేనే చేశాను, కొన్నాళ్ళకు అదీ సీసాతో నేనే చేశాను. వాడు ఏడిస్తే "నీకు చేతకాదు, ఇటు ఇవ్వు" అనేదాన్ని. ఏడాది తిరిగేసరికి వాడు నన్ను అమ్మ అన్నాడు, నా కూతురు వాడికి అక్కలా అయిపోయింది. చదువు ముగించింది, నిజమే. కానీ వాడిని ఎత్తుకోవడానికి నన్ను అనుమతి అడిగేది. ఆ దూరం తగ్గడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరువాత పుట్టిన మనవరాలి విషయంలో పద్ధతి మార్చుకున్నాం. కూతురు తరగతికి వెళ్ళిన గంటలు మాత్రమే బిడ్డ నాది. ఇంటికి రాగానే స్నానం, పాలు, నిద్ర అన్నీ తల్లివే, నేను పక్కన ఉండి అడిగితేనే చెప్పేదాన్ని. వంట, బట్టలు మాత్రం నేను చేసిపెట్టేదాన్ని. తల్లి పని తీసుకోవద్దు, ఇంటి పని తీసుకోండి. ఆ తల్లి ఉద్యోగం మానకుండా కొన్నాళ్ళు సగం పూట చేసే వీలుందేమో కనుక్కోమనండి. ఇంట్లో ముగ్గురి ఖర్చు పెరగబోతున్నప్పుడు జీతం పోవడం మంచిది కాదు.

పురిటిగది నర్సు
అమ్మమ్మ గారూ, ఈ మాట మా వార్డులో గోడ మీద రాసి పెట్టాలనిపిస్తోంది.

నల్లబల్ల గారూ, ఆ ఏడో వారం గురించి నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. చాలా దేశాల్లో బిడ్డకు 6, 10, 14 వారాలకు టీకాలు వేస్తారు. తల్లికి కాన్పు తరువాతి పరీక్ష కూడా ఆరో వారంలోనే. రాత్రిబడి గారు చెప్పిన ఏడుపు ఎక్కువయ్యే కాలమూ అదే. అంటే పరీక్షలకు ముందు వారంలో ఇవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. టీకా తరువాత బిడ్డకు ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. కనుక టీకా రోజును పరీక్షల మొదటి రోజుకు కనీసం మూడు నాలుగు రోజుల దూరంలో పెట్టుకునేలా ముందే మాట్లాడండి. వాయిదా మాత్రం వేయవద్దు. అన్ని పేపర్లూ ఒకే విడతలో రాయగలదని ఆశించకుండా, కొన్నిటిని తరువాతి విడతకు ఉంచుకునే వీలు ఉందేమో ఇప్పుడే అడగండి. సిజేరియన్ అయితే కోలుకోవడానికి ఇంకా సమయం కావాలి.

పాల సంగతి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్నది అందరికీ తెలిసిందే, కానీ మూడు గంటలు పరీక్ష హాలులో కూర్చున్న బాలింతకు రొమ్ములు గడ్డకట్టి నొప్పి వస్తుందని, పాలు కారి బట్టలు తడుస్తాయని ఎవరూ ముందుగా చెప్పరు. లోపల గడియ ఉన్న, కూర్చోవడానికి కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఉన్న ఒక చిన్న గది చాలు. మరుగుదొడ్డి చూపించి పాలు పిండుకోమనవద్దు. పిండిన పాలు మామూలు గది వేడిమిలో 4 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు వాడుకోవచ్చు. మూతపెట్టిన శుభ్రమైన పాత్ర ఉండాలి.

ఇది చాలామంది సంకోచించి వదిలేసే విషయం కనుక సూటిగా రాస్తున్నాను. పాలిస్తున్నంత కాలం మళ్ళీ గర్భం రాదన్న నమ్మకం సగమే నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, తల్లికి నెలసరి తిరిగి రాకుండా ఉండాలి, పగలూ రాత్రీ పెద్ద ఎడం లేకుండా తల్లిపాలు మాత్రమే ఇస్తూ ఉండాలి. ఈ మూడూ కలిసి ఉంటేనే ఆ రక్షణ. బడికి తిరిగి వెళ్ళగానే పాలిచ్చే ఎడం పెరుగుతుంది, అంటే చదువు మొదలైన రోజే ఆ రక్షణ సడలుతుంది. పాలివ్వని తల్లికి కాన్పైన మూడు వారాలకే మళ్ళీ గర్భం వచ్చే వీలుంది. ఒక కాన్పు తరువాత మరో గర్భానికి కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గర్భం రాకుండా చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్ రకాన్ని బట్టి 3 నుంచి 5 ఏళ్ళు పనిచేస్తుంది, పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. కాపర్ టీ ఇంకా ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఏది కావాలో, అసలు కావాలో వద్దో నిర్ణయించుకోవలసింది ఆమె. కాన్పు నొప్పుల మధ్య కాకుండా, ఏడో ఎనిమిదో నెలలో తీరికగా ఆమెతో మాట్లాడాలి.

ఇక మనసు. కాన్పైన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం సాధారణం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా, అది బద్ధకమో మొండితనమో కాదు, వైద్యం చేయవలసిన జబ్బు. దాన్ని గుర్తించడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది, అందులో ఉన్నవి పదే ప్రశ్నలు. ఆరో వారం పరీక్షలో తప్పక అడిగించండి.

ఇద్దరి నాన్న
నిన్నటి నా ప్రశ్నకు వచ్చిన జవాబు చదివి మా పెద్దమ్మాయిని అడిగాను: నీకు ఏదైనా కష్టం వస్తే నాకు చెబుతావా అని. కాసేపు ఆలోచించి, "మీరేమంటారో ముందు అమ్మను అడిగి, తరువాత చెబుతాను" అంది. ఆ ఆలోచించిన కాసేపు నాకు చాలు. ప్రత్యేక ఏర్పాట్ల మీద నా సందేహాలు అన్నీ పోలేదు గానీ, నల్లబల్ల గారు చేస్తున్న పనిని ఇక ప్రశ్నించను.

తీరం
ఇంటికి వచ్చి చూసే నర్సుల సేవ మీ ప్రాంతంలో ఉందేమో తప్పక వాకబు చేయండి. అమెరికాలో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1970ల చివర ఎల్మైరా అనే పట్టణంలో దీన్ని పరీక్షించారు. మొదటిసారి తల్లి కాబోతున్నవారిని, ముఖ్యంగా చిన్న వయసువారిని, పేదవారిని, గర్భం నాటి నుంచి బిడ్డకు రెండేళ్ళు నిండే వరకు ఒకే నర్సు ఇంటికి వెళ్ళి కలిసేవారు. రెండో కాన్పు ఆలస్యం కావడం వంటి మంచి ఫలితాలు అక్కడ కనిపించాయి. ఆరోగ్య సేవలు ముందే బాగున్న ఇంగ్లండులో అదే పద్ధతిని పరీక్షించినప్పుడు మొదటి రెండేళ్ళలో అంత తేడా కనబడలేదు. దీన్నిబట్టి నాకు అర్థమైనది, ఏమీ లేని చోట ఒక్క నమ్మకమైన మనిషి తోడు చాలా విలువైనదని. అటువంటి సేవ లేకపోతే బడి తరఫున ఒక్కరు, మారకుండా అదే మనిషి, వారానికి ఒకసారి ఆమెను కలవాలి.

కలువపూవు
పాఠాల గురించి ఒక్క మాట. దయచేసి తేలిక పాఠాలు ఇవ్వవద్దు, సమయం ఇవ్వండి. నాకు చివరి నెలల్లో ఒక టీచరు "నీకెందుకమ్మా ఇవన్నీ, పాసయ్యే మార్కులకు చదువు చాలు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ నేను ఇక పెద్దగా దేనికీ పనికిరానని నాకు వినబడింది. ఒక్కోటి ఇరవై నిమిషాల్లో ముగిసేలా పాఠాలను చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, బిడ్డ నిద్ర కూడా అంతే ఉంటుంది. ఫోనులో పాఠం వినిపించే రికార్డింగులు పాలిచ్చేటప్పుడు ఎంతో పనికొస్తాయి.

నల్లబల్ల
ఆరు నెలల తరువాత రాస్తున్నాను. మధ్యలో అడిగినవారికి జవాబు ఇవ్వలేకపోయినందుకు మన్నించండి.

రెండో సమావేశంలో ఆమె, వాళ్ళ అమ్మగారు, ఆ అబ్బాయి, అతని తండ్రి కూడా కూర్చున్నారు. ఏర్పాట్లన్నీ ఒకే కాగితం మీద రాసుకున్నాం: ఆసుపత్రి తేదీలు ఒక పక్క, బడి తేదీలు వాటికి ఎదురుగా. హాజరు దగ్గర గంటసేపు వాదన జరిగింది. చివరికి వైద్య సెలవుగా రాయడానికి ఒప్పుకున్నారు. ఏమైనా చేర్చాలా అని అడిగితే ఆమె ఒక్కటే కోరింది: తాను రాని రోజుల్లో కూడా హాజరు పిలిచేటప్పుడు తన పేరు పిలవాలని. కలువపూవు గారు ఇక్కడ రాసింది ఆమెకు నేను చూపించలేదు. తనంత తానే అడిగింది.

38వ వారంలో ఆడపిల్ల పుట్టింది, బరువు 2.7 కిలోలు. మామూలు కాన్పు. కాన్పుకు ముందు నెలలో హిమోగ్లోబిన్ 11 దాటింది. నాలుగో వారంలో బాగా దిగులు పడింది, ఎవరితోనూ మాట్లాడలేదు. నర్సు గారి మాట గుర్తుండటం వల్ల ఆరో వారం దాకా ఆగకుండా తీసుకువెళ్ళాం. ఇప్పటికీ వారానికొకసారి సలహాదారును కలుస్తోంది. పరీక్షల్లో ఆరింటికి నాలుగు పేపర్లు రాసింది, నాలుగూ గట్టెక్కింది. లెక్కలు, సైన్సు తరువాతి విడతలో రాస్తుంది. అబ్బాయి వారంలో మూడు సాయంత్రాలు బిడ్డను చూస్తున్నాడు, బడి మానలేదు.

పుస్తకాలు పెట్టుకునే పాత గదిని పాలగది చేశాం. దాని తాళంచెవి మొదట ఆఫీసులో ఉండేది, ఆమె ప్రతిసారీ వెళ్ళి అడగవలసి వచ్చేది. మూడో రోజున అది గమనించి తాళంచెవి ఆమెకే ఇచ్చేశాను.

పురిటిగది నర్సు
చాలా సంతోషం. రెండు పనులు మిగిలి ఉన్నాయి. ఆ పది ప్రశ్నలు మూడో నెలలో మరోసారి, లెక్కల పరీక్షకు రెండు వారాల ముందు ఇంకోసారి అడిగించండి. బిడ్డకు 14వ వారం టీకా ఏ రోజున పడుతుందో ఆ కాగితం మీద చూసి, ఆ రోజు హాజరు పుస్తకంలో ఏమని రాయాలో ఇప్పుడే చెప్పి ఉంచండి.